ఏపీ 20: పాత బండి, కొత్త కిక్కు

*ఇంటి వెనక తుప్పు పట్టిన మోటారు సైకిల్ భద్రాచలం అడవి అంచుకు చేరితే ఓ గూడేనికి దారి దొరుకుతుంది. ఇంజిన్‌ను బతికించే చేతులకు ఇక్కడ కొదవ లేదు. సీ-బుక్కును బతికించేవాళ్లే కావాలి.*

ట్రాలీ ఆటోలోంచి బండిని దించడానికి నలుగురు చెయ్యి వేయాల్సి వచ్చింది. వెనక చక్రం తిరగడం లేదు. బ్రేకు డ్రమ్ము తుప్పుతో బిగుసుకుపోయింది. సీటు కవరు చినిగిపోయి ఉంది, లోపలి స్పాంజిని ఎలుకలు కొరికేశాయి. కుడివైపు ఇండికేటరు ఉండాల్సిన చోట రెండు వైర్లు వేలాడుతున్నాయి. ట్యాంకు మూత తీస్తే పెట్రోలు వాసన బదులు ముక్కుపుటాలదిరే వార్నిష్ వాసన వచ్చింది. మెకానిక్ నంబరు పలక మీది మట్టిని బొటనవేలితో రుద్దాడు. ‘ఏపీ 20’ వరకు బయటపడింది.

"ఎంతకు తీసుకున్నరు తమ్మీ?"

"తొమ్మిది వేలన్నా."

"సీ-బుక్కు ఉన్నదా?"

చర్ల వైపు గూడెం నుంచి వచ్చిన కుర్రాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకతను చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో ఉన్నది జిరాక్సు కాగితం. దాని మీదున్న పేరు బండి అమ్మినతనిది కాదు. అమ్మినతనికి అమ్మినవాడిదీ కాదట.

మెకానిక్ ఆ కాగితాన్ని మడత పెట్టి వాళ్ల చేతికే ఇచ్చాడు. "ఇంజిన్ సంగతి నేను చూస్త. ఇది మాత్రం మీరే చూసుకోవాలె" అంటూ ప్లగ్గు విప్పడానికి పీట జరుపుకొని కూర్చున్నాడు.

భద్రాచలంలోనైనా, వంతెన అవతల సారపాకలోనైనా, అటు చింతూరు సెంటర్లోనైనా ఏ షెడ్డు ముందు నిలబడినా ఇలాంటి బండి ఒకటి కంటబడుతుంది. 2025 సెప్టెంబరు 22న 350 సీసీ లోపు ద్విచక్ర వాహనాలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అప్పటి నుంచీ ఖమ్మం టీ కొట్ల దగ్గర కొత్త బండి ఎంత తగ్గిందన్న ముచ్చటే. తగ్గాక కూడా వంద సీసీ హీరో స్ప్లెండర్ షోరూము ధర డెబ్బై వేల పైమాటే. దాని మీద ట్యాక్సు, బీమా, రిజిస్ట్రేషను. వాయిదాల మీద తీసుకుందామంటే జీతం చీటీ అడుగుతారు, బ్యాంకు ఖాతా చూస్తారు, చిరునామా రుజువు తెమ్మంటారు. కూలి మీద బతికే ఇంట్లో ఇవన్నీ ఎక్కణ్నుంచి వస్తాయి? అందుకే ధర తగ్గిన ఫలం అడవికి చుట్టుదారిలో వస్తుంది. పట్నంలో ఒకరు కొత్తది కొంటే వాళ్ల ఇంటి వెనక పడి ఉన్న పాతది బయటికి కదులుతుంది. అది బ్రోకరు చేతికి, అక్కణ్నుంచి ఏజెన్సీ గూడేలకు చేరుతుంది.

డబ్బు కనబడే నెలలు

ఈ ప్రాంతంలో పాత బండ్ల బేరానికి ఒక రుతువుంది. జనవరి దాటాక ఖమ్మం జిల్లా మిరప చేలల్లో కోతలు మొదలవుతాయి. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి, ఇటు చర్ల, దుమ్ముగూడెం మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మూటాముల్లె సర్దుకుని కోతకు దిగుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. సంవత్సరం మొత్తంలో చేతిలో నాలుగు నోట్లు ఒక్కసారిగా కనబడేది ఈ నెలల్లోనే. వానలు పడితే వాగులు పొంగుతాయి, విత్తనాల ఖర్చు మీద పడుతుంది. ఈలోపే బండి కొనాలి.

అందుకే ఇక్కడి బేరం నగదు బేరం. ఒక్కడి డబ్బుతో కాదు, చాలాసార్లు అన్నదమ్ములో, బావ బామ్మర్దులో కలిసి వేసుకున్న డబ్బుతో కొంటారు. బండి మాత్రం గూడెంలో అందరిదీ అవుతుంది. బియ్యం తేవడానికి ఒకరు, జ్వరం వచ్చిన బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఇంకొకరు, సంతకు మరొకరు. పట్నంలో ఒక మనిషి ఆఫీసుకు వెళ్లి రావడానికి కొన్న బండి ఇక్కడ పది ఇళ్ల పని చేస్తుంది. అదీ పదిహేనేళ్లు నలిగిన తర్వాత.

తారు ఆగినచోట

జాతీయ రహదారి 30 భద్రాచలం మీదుగా చింతూరు, కుంట దాటి బస్తర్‌లోకి వెళ్తుంది. ఆ రోడ్డు బాగానే ఉంటుంది. దాని నుంచి లోపలికి తిరిగితే కొంతదూరం తారు, తర్వాత కంకర, తర్వాత ఎడ్లబండి బాట, చివరికి కాలిబాట. రిజర్వు అడవుల గుండా రోడ్డు వేయాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతులు కావాలి. అవి వచ్చేదాకా ఫైలు కదలదు. నాలుగు చక్రాల బండి ఆ కాలిబాట ఎక్కలేదు. ఎక్కేది మోటారు సైకిల్ ఒక్కటే.

నొప్పులొచ్చిన ఆడకూతుర్ని డోలీ కట్టి మోసుకొచ్చిన కథనాలు ఏటా వానాకాలంలో పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. అంబులెన్సు రోడ్డు దాకా వస్తుంది. రోడ్డు దాకా తీసుకొచ్చే దిక్కు లేకే ఆ డోలీ. ఈ లోటు సర్కారుకూ తెలుసు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐటీడీఏల (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల) పరిధిలోని కొండ గూడేల కోసం 122 ఫీడర్ అంబులెన్సులను ప్రారంభించింది. అవి మోటారు సైకిళ్లే. రోగిని రోడ్డు మీది 108 వాహనం దాకా చేర్చడం వాటి పని. ఆ పథకానికి చాలా ముందు నుంచీ, ఆ పథకం చేరని చోట ఇప్పటికీ, అదే పని చేస్తున్నది గూడెంలోని పాత స్ప్లెండరే. నడిపేవాడు ముందు, రోగి మధ్యలో, పడిపోకుండా పట్టుకోవడానికి వెనక ఇంకొకరు.

ఒక్క క్షణం ఆ ప్రయాణాన్ని ఊహించండి. వాగు దిగుడు, రాళ్లు, చీకటి, హెడ్‌లైటు అంతంత మాత్రం. అప్పుడు ఆ ముగ్గురి ప్రాణాలు ఆధారపడేది వెనక చక్రంలో ఉన్న రెండు బ్రేకు షూల మీద. రెండు మూడు వందల్లో అయిపోయే మార్పు అది. పాత బండిని బాగుచేయించడమంటే కుర్రకారు సరదా అనుకునేవాళ్లు ఆ దిగుడులో ఒకసారి వెనక కూర్చుని చూడాలి.

ఎందుకు అందరిదీ ఆ బండే

హీరో హోండా కంపెనీ 1984లో పుట్టింది. మరుసటి ఏడాది సీడీ 100 వచ్చింది. 1994లో స్ప్లెండర్ వచ్చింది. కంపెనీ నుంచి హోండా విడిపోయాక 2011లో పేరు హీరో మోటోకార్ప్‌గా మారింది. అంటే ట్యాంకు మీద ‘హీరో హోండా’ అన్న అక్షరాలు కనబడ్డాయంటే ఆ బండి వయసు పదమూడు, పద్నాలుగేళ్లు దాటినట్టే. అడవి అంచున తిరిగే పాత బండ్లలో ఆ అక్షరాలే ఎక్కువ కనబడతాయి.

కారణం ఆ ఇంజిన్ తీరు. 97.2 సీసీ, ఒకే సిలిండరు, గాలికే చల్లబడుతుంది, నాలుగు గేర్లు. నీళ్ల రేడియేటరు లేదు, కంప్యూటరు లేదు. రెండు మూడు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, ఒక ప్లగ్గు పానా ఉంటే చెట్టు కింద కూర్చుని సగం బండి విప్పేయొచ్చు. చర్లలో, వెంకటాపురంలో చిన్న స్పేరు పార్టుల కొట్టులోనూ దీని క్లచ్ ప్లేట్లు, చైన్ సెట్టు దొరుకుతాయి. బజాజ్ సీటీ 100, ప్లాటినా బండ్లకూ ఈ సుగుణాలు చాలావరకు ఉన్నాయి. బరువులు మోయడానికి టీవీఎస్ ఎక్స్‌ఎల్‌ను మించింది లేదనేవాళ్లు సంతల్లో కనిపిస్తారు.

యమహా ఆర్‌ఎక్స్ 100 సంగతి వేరు. 1985లో మొదలై 1996లో ఆగిపోయిన ఆ టూ స్ట్రోక్ బండికి ఇప్పటికీ మోజు తగ్గలేదు, పట్నాల్లో దాని ధర ఏటా పెరుగుతూనే ఉంది. ఇష్టం ఉన్నవాళ్లు పెట్టుకుంటారు. గూడెంలో మాత్రం అది తగదు. పెట్రోలు తాగుతుంది, ఆయిల్ విడిగా కావాలి, అసలు పార్టులు దొరకవు.

మునిగిన బండ్లు ఎటు పోయాయి?

ఈ ప్రాంతపు పాత బండ్ల కథలో గోదావరికీ మున్నేరుకూ వాటా ఉంది. ఈ సంగతి బేరానికి వెళ్లే ముందు తెలియాలి.

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీటిమట్టం 71.3 అడుగులకు పోయింది. 1986లో 75.6 అడుగులు వచ్చిన తర్వాత అంత నీరు చూడటం అదే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. భద్రాచలం కాలనీల్లో, బూర్గంపాడులో, సారపాకలో జనం ఇళ్లు వదిలి పునరావాస కేంద్రాలకు పోయారు. మనుషులు, పశువులు, ధాన్యం అన్న వరసలో బండి ఎక్కడో చివర. అవి గోడవారన అలాగే ఉండిపోయి మునిగాయి. రెండేళ్లకు, 2024 సెప్టెంబరు 1న, ఖమ్మంలో మున్నేరు 36 అడుగులు దాటింది. రాత్రికి రాత్రి నీళ్లొచ్చేసరికి నది ఒడ్డు కాలనీల్లో ఇళ్ల ముందు తాళం వేసి పెట్టిన బండ్లు బురదలో కూరుకుపోయాయి. వరద తీశాక కొన్ని వారాల పాటు మెకానిక్ షెడ్లకు ఊపిరాడలేదు.

పాత బండికి చాలామంది కట్టేది థర్డ్ పార్టీ బీమా. రోడ్డు మీద ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే అది పనికొస్తుంది. మన బండి నీట మునిగితే పైసా రాదు. ఇల్లు బాగుచేసుకోవాలా, బండి బాగుచేసుకోవాలా అన్న చోట బండి ఓడిపోతుంది. వచ్చిన ధరకు వదిలించుకుంటారు. కొన్నవాడు కడిగి, పాలిష్ కొట్టి, సీటు కవరు మార్చి నిలబెడతాడు. కొన్నాళ్లకు అది మరో ఊళ్లో ‘ఇంటి బండి, డాక్టరు గారు వాడింది’ అవుతుంది.

మునిగిన బండి కొనకూడదని నేననను. ధర దానికి తగ్గట్టు ఉంటే, ఏం కొంటున్నామో తెలిసి కొంటే తప్పులేదు. దాచిపెట్టి అమ్మడమే అన్యాయం. మిరప కోతల్లో వంగి వంగి కూడబెట్టిన డబ్బది.

> కిక్కు కొట్టకముందే చూడండి
>
> నీట మునిగిన బండి పైకి ఎంత మెరిసినా ఒండ్రు ఎక్కడో దొరికిపోతుంది. సీటు తీసి బ్యాటరీ పెట్టె అడుగున వేలు పెట్టండి. హెడ్‌లైటు అద్దం లోపల, స్పీడోమీటరు గాజు వెనక ఆవిరి, మట్టి గీత ఉన్నాయా చూడండి. స్పోకులు రిమ్ములోకి దిగేచోట తుప్పు, వైర్ల జాయింట్ల దగ్గర పచ్చని పొడి ఉంటే అనుమానించండి.
>
> వరదలోంచి తీసిన బండికి ఆత్రంగా కిక్కు కొట్టొద్దు, సెల్ఫ్ నొక్కొద్దు. సిలిండరులో నీళ్లుంటే పిస్టన్ పైకి పోలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు ప్లగ్గు విప్పాలి, పాత ఆయిల్ మొత్తం దించేయాలి, ఎయిర్ ఫిల్టరు తీసేయాలి. నీటికంటే ఒండ్రు ప్రమాదం. గీతలు పడిన బోరు బోరింగ్ కొట్టిస్తే తప్ప మళ్లీ మామూలు కాదు.

షెడ్డులో

ట్రాలీ ఆటోలో వచ్చిన ఆ బండి ప్లగ్గు ఊడింది. మసి పట్టి నల్లగా ఉంది. మెకానిక్ దాన్ని పక్కన పెట్టి, ఆ రంధ్రం మీద బొటనవేలు అదిమి, రెండో చేత్తో కిక్కు రాడ్డును మెల్లగా కిందికి నొక్కాడు. వేలిని లోపలి గాలి తోసేసింది. ఇంకోసారి నొక్కాడు. మళ్లీ తోసింది.

"కంప్రెషన్ ఉన్నది. రింగులు బతికే ఉన్నయి" అన్నాడు. కుర్రాళ్ల మొహాలు విప్పారాయి.

తర్వాత ఇంజిన్ అడుగున బోల్టు విప్పి ఆయిల్ దించారు. నల్లగా, చిక్కగా వచ్చింది. అదే పాలు ఎక్కువైన టీ రంగులో వస్తే నీళ్లు కలిసినట్టు. అప్పుడు కథ మొదటికి, ఇంజిన్ దింపాల్సిందే. ఈ బండి మునిగినది కాదు, పట్టించుకోక పాడైనది. ఆ రెండింటికీ తేడా మెకానిక్‌కు ఆయిల్ రంగే చెబుతుంది.

కార్బొరేటరు అడుగు గిన్నెలో జిగురు పొర గడ్డకట్టి ఉంది. నిలవున్న పెట్రోలు ఆవిరై మిగిల్చే మడ్డి అది. పైలట్ జెట్టు రంధ్రం వెంట్రుక కంటే కాస్త పెద్దదేమో. వెలుతురుకు ఎదురుగా పట్టి చూశాడు, వెలుతురు కనబడలేదు. షెడ్డులో పని నేర్చుకుంటున్న కోయ కుర్రాడు తీగ ముక్క అందించబోతే మెకానిక్ వద్దన్నాడు. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది, ఇక ఆ బండి జన్మలో మైలేజీ ఇవ్వదు. పెట్రోల్లో నానబెట్టి గాలి పట్టించాడు. రెండోసారికి సూదిమొనంత వెలుగు కనిపించింది. ఆ కుర్రాడు దాన్ని తనూ తీసుకుని, కన్ను చికిలించి, సూర్యుడి వైపు చాలాసేపు చూశాడు. చదువు అంటే అదే కదా.

ట్యాంకు పని మోటు పని. లోపలంతా తుప్పు పొరలు. గుప్పెడు చిన్న నట్లు, లీటరు డీజిలు పోసి మూత బిగించి, ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని అటూ ఇటూ ఊపాలి. ఒంపితే డీజిలు ఇటుకరాయి రంగులో వస్తుంది. తేటగా వచ్చేదాకా అదే పని. ఈ బాధ ఇప్పుడు ఎక్కువైంది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రోజూ తిరిగే బండికి పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో మాత్రం ఆ నీరు అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది. కార్బొరేటరు కాలపు రబ్బరు పైపులు, వాషర్లు దీనికోసం తయారైనవి కావు, త్వరగా పిగిలిపోతాయి. వానాకాలం బండిని మూలన పెట్టేసేవాళ్లు ట్యాంకు, కార్బొరేటరు ఖాళీ చేసి పెట్టడం మేలు.

తర్వాత కోన్ సెట్టు. హ్యాండిలు తిప్పితే మధ్యలో టక్కున ఆగుతోంది. రాళ్లబాటల మీద తిరిగే ప్రతి బండికీ ఉండే రోగమే. గుంటలు పడిన బాల్ రేసులు మార్చాలి. చైన్ స్ప్రాకెట్ పళ్లు అరిగి మొనదేలాయి, అదీ మార్చాలి. లెక్క వేస్తే బండి కొన్నదాంట్లో ముప్పాతిక మళ్లీ ఖర్చు. కుర్రాళ్లు మెల్లగా సైలెన్సరు ప్రస్తావన తెచ్చారు. చప్పుడు వచ్చేది ఒకటి వేయించాలని వాళ్ల కోరిక. మెకానిక్ కాదనలేదు. "ముందు బ్రేకులు, టైర్లు, చైను. పైసలు మిగిలితే అప్పుడు చూద్దాం" అన్నాడు. ఏ బండికైనా నేను చెప్పే వరస కూడా ఇదే. ఆపేది ముందు, నడిపేది తర్వాత, రంగులు ఆఖర్న.

బోరు అరిగిపోయి నీలిపొగ కొట్టే బండ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. సిలిండరును కొత్తగూడేనికో ఖమ్మానికో పంపి లేత్ మీద బోరింగ్ కొట్టించాలి. పావు, అర, ముప్పావు, ఒక మిల్లీమీటరు పెద్దవైన పిస్టన్లు దొరుకుతాయి. ఒక్కో బోరింగుకూ సిలిండరు గోడ పల్చనవుతుంది. ఆఖరి సైజు పిస్టన్ వేసి ఉన్న బండిని ఎంత చవగ్గా ఇచ్చినా కొనొద్దు. పిస్టన్ ఎన్నోదో అమ్మేవాడు చెప్పడు. ఆ బండి చూసిన మెకానిక్‌ను అడగండి, చెబుతాడు.

ఇలాంటి షెడ్లలో హెల్పర్లుగా చేరిన ఆదివాసీ కుర్రాళ్లు పని వచ్చాక గూడేలకు వెళ్లి చెట్టు కింద గాలి పంపు, నీళ్ల బకెట్టు పెట్టుకుని కూర్చుంటున్నారు. పంచరుతో మొదలుపెట్టి క్లచ్ ప్లేట్ల దాకా వెళ్తున్నారు. బండి ఆగిపోతే ముప్పై కిలోమీటర్లు తోసుకెళ్లే బాధ ఆ గూడేలకు తప్పింది. ఈ మార్పును ఎవరూ ఏ లెక్కల్లోనూ రాయలేదు.

జిల్లా మారింది, పలక మారలేదు

ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ 20 అంటే ఖమ్మం జిల్లా. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది, ఖమ్మానికి టీఎస్ 04 వచ్చింది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది, దానికి టీఎస్ 28. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ. ఇంతలో పోలవరం ప్రాజెక్టు కోసం చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలతో పాటు భద్రాచలం మండలంలోని గ్రామాలు, బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. పట్టణం నుంచి దుమ్ముగూడెం వైపు బయల్దేరితే కాసేపటికే ఎటపాక దగ్గర ఆంధ్ర మొదలవుతుంది, ఇంకాస్త పోతే మళ్లీ తెలంగాణ. చింతూరు దాటితే ఛత్తీస్‌గఢ్, ఒడిశా.

ఈ మార్పులన్నిటికీ ముందు రిజిస్టరైన బండి ఏపీ 20 పలకతోనే తిరుగుతోంది. చింతూరులో ఉంటే ఒక రాష్ట్రం, చర్లలో ఉంటే ఇంకో రాష్ట్రం. దానికి మొదటి యజమాని ఖమ్మంలో ఉండి ఉంటాడు, రెండోవాడు మణుగూరు సింగరేణి కార్మికుడు, మూడోవాడు కూనవరం రైతు, నాలుగోవాడు ఈ గూడెం కుర్రాడు. పేరు ఒక్కసారీ మారలేదు. రాష్ట్రం మారితే నిరభ్యంతర పత్రం కావాలి. పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవాలన్నది చట్టం. వాటికోసం జిల్లా కేంద్రానికి పోవాలి. చర్ల నుంచి కొత్తగూడెం వందకు అటూ ఇటూ కిలోమీటర్లు. 2022 ఏప్రిల్‌లో చింతూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. ఆ జిల్లాకు కేంద్రమైన పాడేరుకు అక్కణ్నుంచి రెండొందల కిలోమీటర్ల పైనే పోవాల్సి వచ్చేది. రెండు రోజుల కూలి పోగొట్టుకుని జిల్లా కేంద్రానికి వెళ్తే మొదటి యజమాని సంతకం అడుగుతారు. ఆయనెవరో, ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులపై సల్వాజుడుం పోరు మొదలయ్యాక బస్తర్ నుంచి ఇటు తరలివచ్చి అడవి అంచున గుడిసెలు వేసుకున్న కుటుంబాలది ఇంకా కష్టం. వాళ్లలో ఎంతోమందికి చిరునామా రుజువే లేదు. లైసెన్సు రాదు, బండి తమ పేర రాదు. సరిహద్దు తనిఖీల్లో ఆగిన ప్రతిసారీ కాగితం లేని బండి దొంగబండే.

> సంతకం ఇప్పుడే తీసుకోండి
>
> ఫారం 29 అమ్మేవాడిది, ఫారం 30 కొనేవాడిది. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రమైతే 45 రోజుల్లో అమ్మినవాడు తెలపాలి. కొన్నవాడు 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. వేరే రాష్ట్రానికి తీసుకెళ్లడానికి ఫారం 28, అప్పు తీరిపోయిన బండికి ఫారం 35, యజమాని చనిపోతే వారసులకు ఫారం 31, వేలంలో కొంటే ఫారం 32.
>
> ఆర్సీ (సీ-బుక్కు) గడువు 15 ఏళ్లు. తర్వాత బండి పరీక్షించి ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. 20 ఏళ్లు దాటిన మోటారు సైకిల్ రెన్యువల్ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో రూ.2,000 చేసింది. 75 నుంచి 150 సీసీ బండికి ఏడాది థర్డ్ పార్టీ బీమా, 2022లో ఖరారైన రేటు ప్రకారం, పన్ను కాక రూ.714.
>
> ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయండి. సీ-బుక్కులోని నంబరుతో ప్రతి అంకె సరిపోవాలి.

అమ్మేసినా వదలదు

పేరు మార్చకపోతే నష్టం కొన్నవాడికే అనుకుంటారు. అమ్మినవాడికి అంతకంటే ఎక్కువ. నవీన్ కుమార్, విజయ్ కుమార్ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఓ కారు వరసగా చేతులు మారింది. 2009లో ప్రమాదం జరిగింది. అప్పటికీ రిజిస్ట్రేషను మొదటి యజమాని పేరనే ఉంది. బాధితులు పరిహారం కోసం ఎవరెవరి చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగలేరని, రికార్డులో ఎవరి పేరుంటే వారే బాధ్యులని కోర్టు తేల్చింది. కారుకు చెప్పిన న్యాయమే బైకుకూ. ఖమ్మంలో తొమ్మిది వేలకు బండి వదిలించుకున్నాననుకున్న మనిషి, అడవిలో జరిగే ప్రమాదానికి లక్షల్లో చెల్లించాల్సి రావచ్చు.

పోలీసు స్టేషన్ల ఆవరణల్లో తుప్పు పట్టే బండ్లనూ ఈ కోణంలోంచి చూడాలి. పట్టుకున్న వాహనాలను ఏళ్ల తరబడి అక్కడే పడేయొద్దని, తగిన పూచీకత్తుతో యజమానికి ఇవ్వాలని, ఎవరూ రాకపోతే వేలం వేయాలని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. వేలంలో కొన్న బండికి ఫారం 32 మీద పేరు మారుతుంది, పాత యజమానుల కోసం వెతికే పని ఉండదు. ఇంజిన్ ఎలా ఉన్నా కాగితం శుభ్రంగా ఉంటుంది. బ్రోకరు దగ్గర జిరాక్సు కాగితంతో కొనేదానికంటే ఇది నయం. వానకు నానక ముందే వేలాలు జరిగితే ఇంకా నయం.

రవాణా అధికారులు చర్లలోనూ చింతూరులోనూ సంత రోజున ఒక బల్ల వేసుకుని కూర్చుంటే ఈ చిక్కుముడిలో సగం వీడుతుందని నా నమ్మకం. రెండు రాష్ట్రాల అధికారులు కలిసి కూర్చుంటే ఏపీ 20 బండ్ల లెక్క అక్కడికక్కడే తేలుతుంది.

రాబోయే పాత బండ్లు

2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో చాలావాటికి కార్బొరేటరు లేదు. పెట్రోలు ఎంత పంపాలో సెన్సార్లు చూసి చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఆ బండ్లకు ఇప్పుడు ఐదారేళ్లు. పట్నాల్లో వాటిని అమ్మడం మొదలైంది, ఇక ఏజెన్సీ వంతే. పైలట్ జెట్టును వెలుతురుకు పట్టి చూసే విద్య వాటి దగ్గర అక్కరకు రాదు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కొన్ని కిక్కుకూ లేవవు. వరదలో మునిగితే కంప్యూటరు పెట్టె మార్చే ఖర్చు వేలల్లో ఉంటుంది. తప్పు ఎక్కడుందో చదవడానికి స్కానర్ కావాలి. పట్నం సర్వీసు సెంటర్లలో అది ఉంటుంది. చెట్టు కింది షెడ్డులో లేదు.

భద్రాచలం ఐటీడీఏకు యువజన శిక్షణ కేంద్రాలున్నాయి. కుట్టుపని, కంప్యూటరు కోర్సుల పక్కన మోటారు మెకానిక్ శిక్షణను గట్టిగా నిలబెట్టడానికి ఇదే అదను. నేర్చుకోవాల్సిన కుర్రాళ్లు ఎక్కడో లేరు. పానాలు పట్టి నూనె చేతులతో ఇప్పటికే షెడ్లలో పని చేస్తున్నారు. వాళ్లకు మూడు నెలల శిక్షణ, మండలానికి ఒక స్కానరు ఇస్తే చాలు.